పిన్ని గొంతు, బాబాయి మగ్గం

ఈ ఏడు జూలై పద్దెనిమిదో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, గొడుగు తెరవాలో వద్దో తేల్చుకోలేనంత సన్నని తుంపర పడుతుండగా, గవర్నరుపేటలోని ఒక రికార్డింగు షాపులో నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క స్పూలు టేపును కంప్యూటరులోకి ఎక్కించమని ఇచ్చాను. అక్కడి అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విని, "ఆవిడ మాట బాగుంది తాతగారూ, కానీ వెనకాల టకటకమని ఒకటే చప్పుడండీ. ఆ నాయిస్ తీసేస్తే క్లియర్‌గా వచ్చేస్తుంది" అంది, ఎంతో మర్యాదగా. వద్దన్నాను. నేనన్న తీరుకు పాపం కాస్త జంకింది. ఎందుకంత గట్టిగా అన్నానో నా ఈడువారికైనా చెప్పుకోవాలి.

ఆ టేపులోని గొంతు మా పిన్నిది, చప్పుడు మా బాబాయిది. వాళ్ళది పెడన. బాబాయి గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. పిన్ని ఆ పక్కనే కూర్చుని కండెలు చుట్టేది, అంటే మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలును చిన్న గొట్టాలకు ఎక్కించేది, చుడుతూనే ప్రేమ మీదా, దాచుకోని కోరిక మీదా వచన కవితలు అల్లేది. అప్పటికి ఆవిడకు నలభై ఒకటో ఏడు, ముగ్గురు పిల్లలు. నాలుగు కవితలు ఒక మాసపత్రికలో పడేసరికి, బెజవాడలోని ఒక సాహిత్య సంఘంవారు వార్షికోత్సవంలో చదవమని అడిగారు. జనం ముందు తనకు నోరు పెగలదనీ, కావాలంటే ఇంటి దగ్గరే రికార్డు చేసుకోమనీ ఆవిడ కబురు చేసింది. నేను గాంధీనగరంలో మైకులూ టేపురికార్డర్లూ అద్దెకిచ్చే షాపులో పనిచేస్తూ ఉండేవాణ్ణి గనుక ఆ పని నాకే పడింది.

1974 డిసెంబరు పదమూడు, శుక్రవారం, అమావాస్య. అమావాస్య నేతవారికి సెలవు, ఆనాడు వీధిలో ఒక్క మగ్గమూ ఆడదు గనుక రికార్డింగుకు అంతకన్న నిశ్శబ్దమైన రోజు దొరకదని లెక్కవేసుకుని, ఆ బరువైన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బందరు రైలెక్కాను. పిన్ని నన్ను చూసి పకపకా నవ్వింది. "మగ్గం ఆడని రోజున నా నోరెట్లా ఆడుతుందిరా? ఆ చప్పుడు వింటేనే గదా నాకు మాటొచ్చేది!" అని పప్పన్నం పెట్టి పంపేసింది. మళ్ళీ ఆదివారం వెళ్ళాను. బాబాయి నేస్తున్నాడు, పిన్ని చెబుతున్నది, స్పూలు తిరుగుతున్నది.

*నాడె ఎటు పోయినా తిరిగొస్తుంది.*
*పొద్దుట నా మీద పడిన నీ చూపు*
*ఇంకా తిరిగి పోలేదు.*
*పోనివ్వను.*

ఇది మొదటిది. మిగతావి ఇంతకన్న నిర్భయంగా ఉంటాయి.

సంఘం కార్యదర్శిగారు మా షాపుకు వచ్చి మొత్తం విన్నారు. బాగున్నాయన్నారు గానీ, పిల్లల తల్లి మగవాడి వీపు మీది చెమట గురించి సభలో చెప్పడం బాగుండదనీ, ఒక్కొక్క కవిత చివర 'వేణుగోపాలా' అని చేర్పిస్తే మధురభక్తి అయిపోతుందనీ, అప్పుడెవరూ నోరెత్తరనీ, చేర్చకపోతే టేపు వేయడం కష్టమనీ సెలవిచ్చారు. దేవుణ్ణి కోరుకుంటే సాహిత్యం, కట్టుకున్నవాణ్ణి కోరుకుంటే అసభ్యం: ఈ లెక్క నాకు ఆనాడూ కుదరలేదు, ఈనాడూ కుదరదు.

పెడన వెళ్ళి సంగతి చెప్పాను. పిన్ని కండె ఆపలేదు. "ఇరవై నాలుగేళ్ళ నుంచీ నా పక్కన కూర్చున్నది మీ బాబాయి. ఆ వేణుగోపాలుడు తెగిన పోగు ఒక్కటన్నా అతికాడా? ఆయనకెందుకివ్వాలి?"

"ఇచ్చేయవే, గొడవొదిలిపోద్ది" అన్నాడు బాబాయి గుంటలోంచి.

"మీరు నెయ్యండి" అంది పిన్ని.

ఆ మాటే కార్యదర్శిగారికి చేరవేశాను. అప్పటికే ఆవిడ పేరు ఆహ్వానపత్రంలో అచ్చయిపోయింది గనుక ఆయన టేపు మానలేక ప్రకటన మార్చారు. జనవరి అయిదు, ఆదివారం సాయంత్రం, నిండిన హాలులో, ఈ కవయిత్రి తన ఇష్టదైవాన్ని తలచుకుంటూ చెప్పిన కవితలు ఇప్పుడు వింటారని మైకులో అన్నారు. నేను టేపు మీట మీద వేలుంచి ఆగిపోయాను. తన టేపు వినడానికి వచ్చి ఆడవాళ్ళ వరుసలో కూర్చున్న పిన్ని లేచి నిలబడింది, జనం ముందు నోరు పెగలదన్న మనిషి.

"దైవం కాదండీ. అదుగో, మూడో వరుసలో చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని కూర్చున్నాడే, ఆయన. ఎనకాల మగ్గం చప్పుడు కూడా ఆయందే. ఇంక వెయ్యరా."

వేశాను. బాబాయి తల వంచుకుని గుండీలు సరిచేసుకుంటున్నాడు. తొమ్మిది మంది లేచి వెళ్ళిపోయారు. మిగిలిన హాలు ఆఖరి కవిత దాకా కదలలేదు.

బాబాయి పోయాడు, తరవాత పిన్నీ పోయింది. ఆ వీధిలో మగ్గం గుంటలు పూడ్చి గచ్చు చేశారు. అమావాస్యకూ మామూలు రోజుకూ ఇప్పుడక్కడ తేడా తెలియదు. ఈనాడు ఎవరైనా తమ ప్రేమను ఫోనులో చెప్పి ప్రపంచమంతటికీ పంపవచ్చు, చివర దేవుడి పేరు తగిలించమని అడిగేవారు లేరు, అది మంచిదే. కానీ శుభ్రం చేసే యంత్రాలు వచ్చాయి. అవి గొంతును ఉంచి, ఆ గొంతు ఎవరికోసం పలికిందో ఆ మనిషిని తుడిచిపెట్టేస్తాయి. కార్యదర్శిగారి చేతిలో పడనివ్వనిదాన్ని యంత్రం చేతిలో పడనిస్తానా?

ఆ అమ్మాయి సాయంత్రం నాలుగింటికి టేపూ, దాని నకలూ నా చేతికిచ్చింది. ఇంటికి వచ్చి మొత్తం విని సరిచూసుకున్నాను. కవితలు పద్నాలుగు. పద్నాలుగింటిలోనూ మగ్గం ఉంది. దేవుడి పేరు ఒక్కదానిలోనూ లేదు.