తెల్లచొక్కా మీద పసుపు

నా కూతురు యూనిఫాం వేసుకుని వస్తే ఐసెలిన్‌లో మనవాళ్ళ చీరల కొట్లో అందరూ నేవీ అనుకుంటారు. ఒకావిడ అడిగేసింది కూడా.

"మీ అమ్మాయికి తుపాకీ ఇస్తారాండీ?"

"ఇవ్వరు. జ్వరం చూసే కడ్డీ ఇస్తారు" అన్నాను.

అది నర్సు. ప్రజారోగ్య సేవలో ఆఫీసరు. వరదొచ్చినా, రోగం ప్రబలినా, రమ్మన్న చోటికి పోవాలి. హోదా సైనికులదే, సెల్యూటూ సైనికులదే. సెలవు మాత్రం కాదు. పెద్ద మనవరాలు పుట్టినప్పుడు ఆరో వారం నిండగానే తుఫాను కొట్టిన ఊరికి పంపారు. నేను పాలసీసా పడితే పిల్ల ఊసేసి గుక్కపట్టి ఏడ్చేది.

రెండో కాన్పు నాటికి చట్టం మారిందన్నారు. సైనికులకిచ్చే పన్నెండు వారాల కాన్పు సెలవు వీళ్ళకూ ఇస్తారట. కానీ పై ఆఫీసు నుంచి కాగితం రాలేదు. రాకపోతే సోమవారం డ్యూటీకి పోవాలి. చంటివాడికి సరిగ్గా ఆరు వారాలు.

"ఏమైందే కాగితం?"

"ప్రాసెస్‌లో ఉందమ్మా."

"అంటే?"

"అంటే ఎవరి టేబుల్ మీదో ఉంది."

"ఆ టేబుల్ వాణ్ణీ ఒక తల్లి కనే ఉంటుందిగా!"

శుక్రవారం పొద్దున వాడికి పసుపు, శనగపిండి కలిపి నలుగు పెట్టి స్నానం చేయించాను. వాడు నిద్రపోయాక ఊరికే ఉండలేక, దాని తెల్లచొక్కా ఇస్త్రీ చేద్దామని తీశాను. చేతులు కడుక్కున్నాననే అనుకున్నాను. కాలరు కింద నాలుగు వేళ్ళూ పచ్చగా అచ్చుపడ్డాయి. గాభరాలో సబ్బు పెట్టి రుద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని చిన్నప్పటి నుంచీ తెలుసు, ఆ క్షణాన తోచలేదు. చొక్కా మీద నెత్తురు చిందినట్టయింది.

"అమ్మా! కాన్పయ్యాక నాకు పట్టే చొక్కా అదొక్కటే! మండేకి ఏం వేసుకోను?"

"నీళ్ళలో జాడిస్తే ఎరుపు పోతుంది. పసుపు పోవాలంటే ఎండే మందు. నాలుగు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులెక్కడున్నాయమ్మా?"

జాడించి బాల్కనీ కమ్మీ మీద ఆరేశాను. అల్లుడు తల బయటపెట్టాడు.

"అత్తయ్యా, బయట బట్టలు ఆరేస్తే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు నోటీసిస్తారు."

"ఇవ్వనీ. ఆ కాగితమన్నా తొందరగా వస్తుంది."

మధ్యాహ్నం అది పిల్లాడికి పాలిస్తుండగా ఫోన్‌లో మెయిల్ వచ్చిన చప్పుడైంది. అటు తిరిగే వీల్లేక "నువ్వే చదువమ్మా" అంది.

నేను అక్షరాలు నేర్చింది అరవై దాటాక, ఇక్కడి లైబ్రరీ క్లాసులో. ముందు ఇంగ్లీషు, తర్వాత మన తెలుగు. అంతకు ముందు సర్కారు కాగితమంటే నాకు బొటనవేలికి అంటిన సిరా, అంతే. వేలు పెట్టి ఒక్కో మాటా కూడుకుంటూ చదివాను. బర్త్ అని ఉంది. అప్రూవ్డ్ అని ఉంది. పన్నెండు అంకె ఉంది.

"ఇచ్చారమ్మా!" అని అది ఏడ్చేసింది.

నేను ఇంకా మొదటి మాట దగ్గరే ఉన్నాను.

"బర్త్ అంటే కాన్పేగా? సర్కారు కాగితంలో నీ కాన్పు రాశారా?"

"రాశారమ్మా."

దీన్ని కన్న పదకొండో రోజున నేను పొగాకు గ్రేడింగ్ షెడ్డుకు పోయాను. పాలు వచ్చి రవిక తడిసిపోతుంటే మేస్త్రీ మొహం తిప్పుకుని "ఆకు చూడు, ఆకు" అన్నాడు. వాణ్ణి ఇప్పుడు తిట్టను. వాడికీ ఎవరూ ఏమీ రాసివ్వలేదు. నా ఒళ్ళు పడ్డ పాటు మాటల్లో పెట్టి కాగితం మీద రాయొచ్చని ఆనాడు మా ఇద్దరికీ తెలియదు. మమ్మల్ని చూడని మనుషులెవరో కూర్చుని, తల్లి ఇన్ని వారాలు బిడ్డ దగ్గర ఉండాలని చట్టంలో రాశారు. ఈ దేశంలో నాకు వంకాయ దగ్గర్నుంచీ అన్నీ వంకలే. ఆ కాగితానికి మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. మళ్ళీ మొదటి నుంచీ చదివాను.

సోమవారం పొద్దున అది మంచం మీదే ఉంది, పక్కన పిల్లాడు.

"మరక పోయిందా అమ్మా?"

"లేతబడింది. ఇంకో రెండెండలు కావాలి."

"కానీలే. ఇంకా ఆరు వారాలుందిగా."

బాల్కనీలోకి పోయి చొక్కా తిరగేసి వేశాను.