మంగళవారం మెరిసిన కొబ్బరి పూత

మా ఆయన పోయిన రెండో ఏడు, పరిశోధన కేంద్రం వాళ్లు మా తోట చూడటానికి వచ్చారు. ఇక్కడ మలేషియాలో, సుంగై సుమున్ అనే ఊరి దగ్గర మాకున్నది చిన్న కొబ్బరి తోట. అన్నీ ఆయన నాటిన పొట్టి రకం చెట్లే, నిచ్చెన నాలుగు మెట్లెక్కితే గెల చేతికందుతుంది. వాళ్లకు కావలసిందీ అదే. పొట్టి చెట్టు పూతకు పొడవు చెట్టు పుప్పొడి పట్టిస్తే, త్వరగా కాపుకొచ్చే గట్టి మొక్క పుడుతుందట. కేంద్రంలో ఆ పని కుదిరింది. మాలాంటివాళ్ల తోటల్లోనూ కుదిరితే ఆ విత్తనపు కాయలన్నీ ఒక నర్సరీ కంపెనీ తీసుకుంటుంది. కుదరకపోతే మా తోట వదిలేసి పోతారు. అప్పుడు నాకు మిగిలేది మళ్లీ పామాయిల్ చెట్ల కింద రాలిన పళ్లు ఏరుకునే పని. వంగి వంగి నా నడుం అప్పటికే చచ్చి ఉంది.

నేర్పడానికి వచ్చింది ఒక మలాయ్ ఆఫీసరమ్మ, నా కూతురి ఈడుది. నాకు సంతకం తప్ప చదువు రాదని తెలిసి, కాగితం పక్కన పెట్టి చేతులతోనే చూపించింది. పూగెల బయటికి రాగానే మగపూలు గిల్లేయాలి. గెలకు గుడ్డసంచి తొడగాలి. సంచికున్న ప్లాస్టిక్ కిటికీలోంచి రోజూ చూడాలి. ఆడపువ్వు మొన తేనె పట్టి తడిగా మెరిసిందంటే, మంచు ఆరాక, పుప్పొడి కలిపిన పౌడరును సీసాతో బుస్సుమని ఊదాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే మొన నల్లబడుతుంది, ఇక పట్టదు.

కష్టమేం లేదు. చిక్కంతా ఆవిడ వాడిన ఒక్క మాటతో వచ్చింది. మలాయ్‌లో ఈ పనిని కహ్విన్ అంటారు. కహ్విన్ అంటే పెళ్లి.

"మక్‌చిక్, ఇక ఈ పూలన్నిటికీ కహ్విన్ చేసేది మీరే లా" అని నవ్వింది. పెద్దవయసు ఆడవాళ్లను వాళ్లు మక్‌చిక్ అనే పిలుస్తారు, మాట చివర ఊరికే ఒక 'లా' తగిలిస్తారు. మాకూ అదే అలవాటైంది.

నా తోడికోడలు పక్కనే నిలబడి వింది. ఆఫీసరమ్మ కారెక్కగానే నన్ను పట్టుకుంది.

"ఏటక్కా, పెళ్లి నువ్వు సేస్తావా? మా పాప పెళ్లిలో ఎనకాల బెంచీ మీద కూకున్నావు కదా!"

"సెట్టుకేటే పెళ్లి? మాటవరసకి అన్నాది."

"మాటే సెడగొడతాది. పిందె రాలితే ఎవుల్ని అంటారు? నిన్నే లా. నాను సేస్తాను, నువ్వు నిచ్చెన పట్టుకో."

నిజం చెప్పాలి. ఆ బెంచీ మీద నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు, నేనే పోయి కూర్చున్నాను. లోపల భయం నాకూ ఉంది. సరేనన్నాను. ఆఫీసరమ్మకు చెప్పలేదు.

ఒక మంగళవారం పొద్దున చూద్దును కదా, ఐదు గెలలు మెరుస్తున్నాయి. పరిగెత్తి తోడికోడల్ని పిలిచాను.

"మంగళారం ఎవులైనా పెళ్లి సేస్తారేటి!" అంది.

బుధవారం గోడమీది తమిళ క్యాలెండరు చూసి, యమగండం పోనీ అంది. అది పోయేసరికి వాన పట్టుకుంది. గురువారం తలంటుకుని, పూలు పెట్టుకుని వచ్చి నిచ్చెనెక్కింది. మొనలు అప్పటికే గోధుమ రంగుకు తిరిగాయి. నాకు కనబడుతూనే ఉంది. అయినా నిచ్చెన పట్టుకున్నాను. ఆ విడతంతా అలాగే చేశాం.

నెల తిరిగేసరికి సంచుల్లో రాలిన పిందెలే ఉన్నాయి. ఆఫీసరమ్మ దోసిట్లోకి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"మా దగ్గర పట్టింది, ఇక్కడ పట్టలేదు. పౌడరు పాడైందో, సంచి తప్పో. ఏమైనా ఇది రైతుల చేతుల్లో కుదరదని రాయాల్సిందే, మక్‌చిక్."

పౌడరు మీదకు నెట్టేయవచ్చు. తోడికోడలు కళ్లతో అదే సైగ చేస్తోంది. కానీ కుదరదని రాస్తే నాకింకేం మిగులుతుంది? ఊదింది నేను కాదని చెప్పాను. ఎందుకు కాదో, గురువారం దాకా ఎందుకు ఆగామో అంతా చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

ఆవిడ కోప్పడలేదు. "మక్‌చిక్, నాకసలు పెళ్లే కాలేదు. కేంద్రంలో అన్నిటికీ ఊదింది నేనే" అంది.

"కన్నెపిల్ల సెయ్యి, అందుకే పట్టింది" అని తోడికోడలు తెలుగులో గొణిగింది. నాకు నవ్వాగలేదు. ఏమందని ఆవిడ అడిగితే చెప్పాను, ఆవిడా నవ్వింది. ఇంకొక్క విడత చూస్తాననీ, ఈసారి పట్టకపోతే తానేమీ చేయలేననీ అంది.

ఈసారి నేనే ఎక్కాను. ఆదివారం మెరిస్తే ఆదివారం, అమావాస్యనాడు మెరిస్తే అమావాస్యనాడు. మొదటి గెలకు ఊదుతున్నప్పుడు పౌడరు సగం నా మొహానే పడింది. తర్వాత అలవాటైపోయింది. నెల పోయాక కిటికీలోంచి చూస్తే పిందెలు పట్టుకుని ఉన్నాయి. అన్నీ కాదు, సగానికి పైగా. ఆఫీసరమ్మ లెక్కపెట్టి రాసుకుంది. మా తోటను వదిలిపెట్టబోమని చెప్పింది.

కాయ ముదరడానికి ఏడాది పట్టింది. నర్సరీ లారీ వచ్చిన రోజున తోడికోడలు దారం గుచ్చిన నిమ్మకాయ, ఎండుమిరపకాయలు పట్టుకుని దిగింది.

"ఎక్కడ కట్టడానికే?" అన్నాను.

"లారీకి. దిష్టి తగలదా?"

"లారీకైతే కట్టుకో. పూతకాడికి మాత్రం రాకు."