కర్రనడిగే బాబాయ్

మా బాబాయ్‌కి లోకంలో దేనిమీదా నమ్మకం లేదు, చేతిలోని మూడడుగుల చెక్క స్కేలు మీద తప్ప. గిన్నెలో పాలెన్ని ఉన్నాయో పిన్ని వంచి చూపించినా సరే, "ఆగు, కర్రనడుగుదాం" అని ముంచేవాడు. ముంచి ఊరుకుంటే బాగుండును. పైకి తీసి గాలిలో టపటపా ఊపేవాడు. పాల చుక్కలన్నీ పిన్ని ముఖాన.

"మీ ఆఫీసు జబ్బు ఇంటికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇది ఇంటి కర్రేనే! ఆఫీసు కర్ర ఆఫీసులోనే ఉంది."

ఆ ఆఫీసులో ఆయన పని గడ్డకట్టించిన జీవకణాలకు కాపలా. కణాలున్న చిన్న చిన్న గొట్టాలు ద్రవ నైట్రోజన్ ట్యాంకుల్లో మునిగి ఉంటాయి. ఆ ద్రవం చెప్పాపెట్టకుండా రోజూ కాస్త ఆవిరైపోతుంది. మొత్తం పోయిందా, కణాలూ పోయినట్టే. ట్యాంకులో కర్ర ముంచి తీసి గాలిలో ఊపితే, ద్రవం తాకినంత మేరా తెల్లగా మంచు పడుతుంది. అదే లెవెల్. బాబాయ్ చేతికి ఊపుడు అలా పట్టుకుంది.

నేను అక్కడ రిసెప్షన్‌లో చేరేనాటికి ఉన్నవి ఒక గది, మూడు ట్యాంకులు. చూస్తుండగానే వ్యాపారం అందుకుంది. పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తం, పిల్లల సంగతి తర్వాత చూద్దాంలే అనుకునే అమ్మాయిల అండాలు, ఆఖరికి పందెపు గుర్రాల వీర్యం కూడా మా దగ్గరికే. నాలుగంతస్తుల మేడ లేచింది, నూట అరవై ట్యాంకులు దిగాయి, వాటి లెవెల్ చెప్పడానికి కంప్యూటర్ వచ్చింది. మీటింగులో మేనేజరుగారు గోడమీద పైకి ఎగబాకే గీత చూపించి, "వచ్చే ఏడాదికి రెట్టింపు!" అన్నారు.

"కర్రనడిగారా?" అన్నాడు బాబాయ్ వెనక వరుసలోంచి.

ఆయన్ని స్టోరు గదికి మార్చారు. అయినా పాత గదిలో మిగిలిపోయిన ఒక బొద్దు ట్యాంకు దగ్గరికి రోజూ కర్రతో వెళ్లేవాడు, ఆదివారంతో సహా. దాని మీద 'ఖాళీ' అని కాగితం అంటించి ఉండేది. ఖాళీ ట్యాంకును కొలిచే మనిషిని చూసి మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఒకావిడ పాత రసీదుతో వచ్చింది. పదకొండేళ్ల కిందట, పంతొమ్మిదేళ్ల వయసులో, క్యాన్సర్ మందులు మొదలుపెట్టే ముందు అండాలు దాచుకుందట. ఇప్పుడు ఆమెకు పిల్లలు పుట్టాలంటే అవే దిక్కు. కంప్యూటర్లో వెతికాను. పేరు లేదు. మేనేజరుగారూ వెతికారు. అప్పుడు బయటపడింది మా నిర్వాకం. మూడేళ్ల కిందట కంప్యూటర్ వచ్చినప్పుడు మీటరు బిగించిన ట్యాంకులనే అందులోకి ఎక్కించాం. ఆ పాతదానికి మీటరు పట్టలేదు, కాబట్టి అది లేనట్టే!

"అంటే మూడేళ్లుగా దాన్ని ఎవరూ నింపలేదా?" అంటూ ఆమె కుర్చీలో కూలబడింది.

స్టోరు గదిలోంచి బాబాయ్ కర్ర పట్టుకుని వచ్చాడు. "రామ్మా, కర్రనడుగుదాం."

ముంచాడు. తీశాడు. ఊపాడు. కర్ర మీద నిండుకు గుర్తుగా గీసిన ఎర్రగీత దాకా తెల్లగా మంచు పడింది.

"అది ఖాళీ కాదని ఆ కాగితం అంటించిన రోజే చెప్పాను. కంప్యూటర్ ఖాళీ అంటోందన్నారు. సరే కదా అని వారంవారం నేనే నింపుతున్నాను. నైట్రోజన్ తెప్పించే చీటీల మీద సంతకాలు మేనేజరుగారివే, చదవకుండా పెట్టారు."

ఆమె ఆయన్ని తేరిపార చూసింది. "మీరేనా! ఆ రోజు నేనొచ్చేదాకా ఉంటాయా అనడిగితే, 'రోజూ చూస్తుంటానమ్మా' అన్నారు."

"అన్నాను కదా మరి" అన్నాడు బాబాయ్, అందులో వింతేముందన్నట్టు.

ఇన్నేళ్లు ఆయన్ని వెక్కిరించినందుకు నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ కర్ర మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది.

ఏడాదిన్నర తర్వాత ఆమె నాలుగు నెలల పాపతో వచ్చింది. బాబాయ్ ఆఫీసు కర్ర పక్కన పెట్టి, దీనికోసమే తెచ్చుకున్న ఇంటి కర్ర సంచీలోంచి తీశాడు. పాపను నా బల్లమీద పడుకోబెట్టి కొలిచాడు.

"ఇరవై నాలుగు అంగుళాలు. వచ్చే నెల మళ్లీ తీసుకురామ్మా."

"ఎందుకు బాబాయ్?" అన్నాను.

"ముప్పై ఏళ్లుగా తగ్గేవాటినే కొలిచానే. ఒక్కసారి పెరిగేదాన్ని కొలవనీ."

అని, అలవాటు చొప్పున కర్రను గాలిలో టపటపా ఊపాడు. పాప కిలకిలా నవ్వింది. ఆయన మళ్లీ ఊపాడు.