పూర్వాభాద్ర పక్కన నాలుగు రోజుల ఏడు

అమ్మ పోయిన ఏడాదిలోనే నాకు పాప పుట్టింది. కాన్పు విశాఖలో అయింది. తాను సూతకం మనిషినని, పురిటిగదిలోకి రాకూడదని నాన్న అక్కడికీ రాలేదు. సెలవు అయిపోగానే మేము అరకు వచ్చేశాం. ఇక్కడ ఆడపిల్లల హాస్టలు బడిలో నేను సైన్సు చెబుతాను. నాన్న కింద, ఎస్.కోట దగ్గర మా అన్నయ్య ఇంట్లో ఉంటాడు. పొద్దున కిరండూల్ రైలుబండి ఎక్కితే మధ్యాహ్నం భోజనానికల్లా మా ఇంట్లో ఉండొచ్చు. అయినా రాడు. ఏటిసూతకంలో కొండ ఎక్కకూడదంటాడు.

మా ఇళ్లల్లో ఆ పట్టింపు ఉన్నమాట నిజమే. మనిషి పోయిన ఇంటివాళ్లు ఏడు తిరిగేదాకా కొండ మీది గుడికి వెళ్లరు. అది దేవుడి కొండ గురించి చెప్పిన మాట. నాన్న దాన్ని ఘాట్ రోడ్డుకి కూడా తగిలించాడు. ఇందులో దోషం లేదని పురోహితుడి చేత చెప్పించాను. దారిలో ఉన్న అనంతగిరి కొండ కాకపోతే మరేటి, పల్లమా అని నాన్న ఆయన్నే ఎదురు అడిగాడట.

మా ఆయనది గుంటూరు వైపు. మా భాషలో 'ఏటి' అంటే 'ఏమిటి' అని పెళ్లయిన కొత్తలో నేనే నేర్పాను. నాన్న ఫోన్లో "ఏటిసూతకం బాబూ" అనగానే, ఏం సూతకం అని తనను తానే వెక్కిరించుకుంటున్నాడనుకుని, "అదే కదా మామయ్యగారూ, ఏటి సూతకం, వచ్చేయండి" అన్నాడు ఉత్సాహంగా. నాన్న రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పోనీ మేమే దిగుదామని ఒకసారి పాపని తీసుకుని కారులో బయల్దేరాం. మలుపులకి కక్కుకుని, దారిలో టైడా చేరేసరికి పిల్ల వడలిపోయింది. వెనక్కి తిప్పేశాం. ఇక మిగిలింది వీడియో కాల్. ఇటు పాప ఫోను నాకేది, అటు నాన్న నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. అమ్మ ఎలాగూ చూడలేదు, ఈయన ఉండి కూడా చూడడా అని.

ఒక రోజు తొమ్మిదో తరగతికి వేరే సూర్యుళ్ల గురించి చెప్పాను. పూర్వాభాద్ర చుక్కల పక్కన మన సూర్యుడిలాంటి నక్షత్రం ఒకటుంది. దాని చుట్టూ గురుగ్రహం లాంటి భారీ గ్రహం తిరుగుతుంది, అదీ దాదాపు ఒరుసుకుంటున్నంత దగ్గరగా. అక్కడ ఏడాదంటే మన నాలుగు రోజుల చిల్లర. అయితే సంతకీ సంతకీ మధ్యలోనే ఏడు తిరిగిపోద్దా టీచర్ అని ఒక పిల్ల అడిగింది. క్లాసంతా నవ్వింది.

పూర్వాభాద్ర అమ్మ జన్మనక్షత్రం. ఆ సాయంత్రం ఫోన్లో ఈ కబురంతా నాన్నకి చెప్పాను, ఊరికే, మాట కలపడానికి. మన ఏడాది పోయినోళ్లకి ఒక్క రోజేనని మాసికం నాడు పంతులు చెప్పాడని ఆయన గుర్తు చేసుకున్నాడు.

"అయితే అమ్మా, ఏడనేది ఎక్కడిదక్కడేనా?"

"ఎక్కడిదక్కడే నాన్నా. ఏ సూర్యుడి చుట్టూ తిరిగితే ఆ లెక్క."

"మరి మీ అమ్మ కాడ ఈపాటికి ఎన్నేళ్లు తిరిగిపోనాయో."

అమ్మ అక్కడ లేదు. పూర్వాభాద్ర చుక్కలు ఆ సూర్యుడికి చాలా వెనకాల, ఎంతో దూరంలో ఉన్నాయి, మనకే పక్కపక్కన కనబడతాయి. సైన్సు టీచర్ని, ఇవన్నీ చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ పూటకి సైన్సుకి సెలవిచ్చాను.

ఆ శుక్రవారమే నాన్న అరకులో బండి దిగాడు. సంచిలో అమ్మ పాత నేతచీరలు, పాపకి పక్కగుడ్డలకని ఉతికి మడతపెట్టినవి. స్టేషన్లో మా ఆయన ఏమీ అడగకముందే, కొండ తాను ఎక్కలేదనీ, ఎక్కింది రైలేననీ తేల్చేశాడు. మా ఆయన నావైపు చూడకుండా సంచి అందుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. టీ తాగాడు. పాపని తెస్తే మళ్లీ చేతులు కడుక్కోవడానికి లేచాడు. వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"కొండ కాదమ్మా," అన్నాడు. "పుట్టిన పసిగుంటని ముందు మీ అమ్మే ఎత్తుకునేది. తర్వాత నా సేతికిచ్చేది. నిన్నూ అలాగే ఇచ్చింది. ఆవిడ నేకుండా నానొక్కడినీ ఎత్తుకోడానికి సేతులు రానేదు."

ఇన్నాళ్లూ పట్టింపులతో పోట్లాడాను. అసలు సంగతి ఇదని నాకు తట్టనే లేదు. సంచిలోంచి అమ్మ చీర ఒకటి తీసి, పాపని అందులో చుట్టి, ఆయన చేతుల్లో పెట్టాను. నాన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాలకి ఏడ్చేదాకా నాకు తిరిగి ఇవ్వలేదు.