వలయం లేని ప్లేటు

పై వార్డు నుంచి సిస్టర్ మెట్లు దిగి వచ్చి, "మీ మేడం పోయిన్రు" అన్నప్పుడు నేను మిర్యాలగూడలో మా ఆసుపత్రి ల్యాబులో రక్తం నమూనాలు సర్దుతున్నాను. ఇంకో రెండు సీసాలు సర్దాకగానీ ఆ మాట నా బుర్రకెక్కలేదు.

సూర్యాపేట డిగ్రీ కాలేజీలో ఆమె మాకు మైక్రోబయాలజీ చెప్పారు. సొంతూరు ఆంధ్రా సరిహద్దులోని కోదాడ. మా యాస విని ఆమె నవ్వేవారు, ఆమె యాస విని మేం నవ్వేవాళ్లం. ఇంట్లో తోడు పెట్టిన పెరుగు డబ్బాలో తెచ్చి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూపించి, మిగిలింది మాకే పెట్టేవారు. ఒకసారి బస్సులో మిర్యాలగూడ తీసుకొచ్చి, ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర నిలబెట్టారు. మేం ముక్కులు మూసుకున్నాం. "ఆ కంపు నీళ్లది కాదమ్మా, నీళ్లలో పనిచేస్తున్నవాళ్లది" అన్నారు. బ్యాక్టీరియాను ఆమె ఎప్పుడూ "వాళ్లు" అనే అనేవారు.

ఇంకోసారి త్రిపురారం తీసుకెళ్లారు. అక్కడ ఒక రైతు, పైరుకు మేలు చేస్తుందని ఆమె ఇచ్చిన బ్యాక్టీరియా పొడిని విత్తనాలకు పట్టించి, ఊరుకోకుండా తెగులు మందు కూడా కలిపాడు. "డబుల్ పవర్ ఉంటదనుకున్న మేడం" అన్నాడు. "పనికి పిలిచి అన్నంలో విషం పెట్టావు కదయ్యా" అని ఆమె నిజంగానే బాధపడ్డారు. మేం మాత్రం తిరిగొచ్చే దారి పొడుగునా నవ్వుకున్నాం.

షుగరు వల్ల కాలికి పుండు పడి ఆమె మా ఆసుపత్రిలోనే చేరారు. పుండు నుంచి తీసిన నమూనా నా దగ్గరికే వచ్చింది. ప్లేటులో బ్యాక్టీరియాను పెంచి, మందులో ముంచిన చిన్న కాగితం బిళ్లలు పైన పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఇది నాకు నేర్పింది ఆమే. మర్నాడు తీసి చూస్తే ఒక్క బిళ్ల చుట్టూ కూడా వలయం లేదు. డాక్టరుగారికి ఉన్నదున్నట్టు రిపోర్టు ఇచ్చాను. మేడంకు మాత్రం అబద్ధం చెప్పాను.

"ఒక మందు మంచిగనే పనిచేస్తున్నది మేడం."

"ఎన్ని మిల్లీమీటర్లు?"

అడిగింది వలయం కొలత. నేను దుప్పటి సర్దబోయాను.

"స్కేలు పెట్టి చెప్పమన్నాను గానీ, మనిషి మొహం చూసి చెప్పమన్నానా?" అన్నారు. కోప్పడలేదు. కాసేపు నా చెయ్యి పట్టుకుని, "బ్యాక్టీరియాను తినే వైరస్‌లున్నాయి. వాటితో వైద్యం చెయ్యాలని ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయి. నాకు అందవులే. నువ్వు మాత్రం చదువుతూ ఉండమ్మా" అన్నారు.

ఆమె పోయారని తెలిశాక నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. జలుబుకు యాంటీబయాటిక్ అడిగేవాళ్లను, రెండు రోజులకే మాత్రలు మానేసేవాళ్లను, ముక్కూమొహం తెలియకపోయినా బస్సులోనే నిలేసిన మనిషి ఆమె. ఇది చదివే మీ ఇంట్లోనూ సగం వాడి దాచిన మాత్రల షీటు ఒకటి ఉండే ఉంటుంది. అలాంటి మాత్రలకు రాటుదేలిన క్రిములు వచ్చి వచ్చి ఆమె కాలిలోనే చేరాయి. ఇదేం న్యాయమో నాకు తెలియదు.

ఆమెను కోదాడ తీసుకెళ్లారు. సాయంత్రం ల్యాబు సర్దుతుంటే ఆ ప్లేటు కనిపించింది. అడుగున నా చేతిరాతలో ఆమె పేరు. లోపల ఆ క్రిములు తెల్లగా, నిండుగా పెరిగి ఉన్నాయి. పని అయిపోయిన ప్లేట్లను ఆటోక్లేవులో పెట్టి, ఆవిరితో క్రిములను చంపాకే పారెయ్యాలి. అది నా పని. ఆమెను తీసుకుపోయినవి ఇవే. ఆమె ఒంట్లోంచి వచ్చి ఇంకా ప్రాణంతో ఉన్నవీ ఇవే. ఆటోక్లేవు మూత తెరిచి, ప్లేటు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.