నేను పెట్టిన పేరు

ముప్పై ఏళ్లుగా మసీదులో పిల్లలకు ఖురాన్ చదివిస్తున్నాను. అర్థం చెబుతాను, మంచి నడవడి నేర్పుతాను. నా నోటి దురుసుకు మాత్రం ఏ పాఠమూ చెప్పుకోలేదు.

మొన్న పొద్దున హుజురాత్ అధ్యాయం చదివిస్తూ, "ఒకరినొకరు ఎగతాళి పేర్లతో పిలుచుకోకండి" అని అర్థం చెప్పాను. ముందు వరసలో ఓ పిల్ల చెయ్యెత్తింది.

"మరి గతుకుల మామని ఏమని పిలవాలి, ఉస్తాద్?"

పిల్లలు కిసుక్కున నవ్వారు.

గతుకులంటే మా ప్లంబరు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసే చోట కుళాయి కారుతుంటే పిలవకుండానే వస్తాడు. వాషరు మార్చి, వేలితో తడిమి చూసుకుని, మాట్లాడకుండా వెళ్లిపోతాడు. ఏడేళ్ల వయసులో నా దగ్గరే చేరాడు. మొదటిరోజు పేరడిగితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. "ఏంట్రా, గతుకుల రోడ్డు మీద బండిలాగా!" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నవ్వించానని నేనూ మురిసిపోయాను. ఆ పేరు ఊరంతా పాకింది. నెల తిరక్కుండా వాడు చదువు మానేశాడు. బుద్ధి లేని వెధవ అనుకున్నాను. బుద్ధి లేనిది ఎవరికో ఇన్నేళ్లకు తెలిసి, తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం అసర్ నమాజు కాగానే క్షమాపణ అడగడానికి బయల్దేరాను. అతని అసలు పేరేమిటని దారిలో ముగ్గురిని అడిగాను. ముగ్గురూ గతుకులే అన్నారు. తలుపు ముందు నిలబడ్డాను గానీ, ఏమని పిలవను? ఆ రోజు పేరు అడిగానే తప్ప వినలేదు.

అలికిడికి అతనే తలుపు తీశాడు. కంగారుగా కుర్చీ తుడిచి వేశాడు. అతని మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాను.

"నీకా పేరు పెట్టింది నేనే. తప్పయిపోయింది, మాఫ్ చెయ్యి నాయనా. నీ అసలు పేరు చెప్పు. రేపు పిల్లలందరికీ నేనే చెబుతాను."

నోరు తెరిచాడు. పెదవులు బిగుసుకుపోయాయి. మెడ నరాలు పొంగాయి. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపైనా కూర్చోవడానికి సిద్ధపడ్డాను. చివరికి అతనే ఊపిరి వదిలేసి, నన్ను ఓదారుస్తున్నట్టు నవ్వాడు.

"వ... వదిలేయండి, ఉ... ఉస్తాద్. గతుకులనే చె... చెప్పండి."

ఆ పేరొక్కటే తడబడకుండా వచ్చింది.