మే నెలలో హీటర్

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో రోజూ పొద్దున్నే మా కారుకు నీళ్లు పోసేది నేనే. నాయన బానెట్ ఎత్తి, స్టూలు వేసి పక్కకు జరిగేవాడు. నేను స్టూలెక్కి రాగిచెంబుతో రేడియేటర్‌లో నీళ్లు పోసేదాన్ని. నీళ్లు మూతి దాకా కనబడాలి. బట్టల అంగడి నాయనది, కారు నీళ్లు నాది... తొమ్మిదేళ్ల పిల్లకు అంతకన్నా పెద్ద ఉద్యోగం ఏముంటుంది?

ఆ కారు నాయన ఊటీ వైపు వాళ్ల దగ్గర కొన్న పాత బండి. చలి ఊరి నుంచి వచ్చింది కాబట్టి అందులో హీటర్ ఉండేది. మా ఎండల్లో హీటర్! చూసినవాళ్లంతా నవ్వేవాళ్లు. వేడిగాలి వచ్చే కంతలో అమ్మ పాత చీర గుడ్డలు కుక్కి పెట్టింది. తిన్న శెనక్కాయల పొట్టు నేను ఆ గుడ్డల వెనకే దోపేదాన్ని...

ఆ ఏడు మే నెలలో మా అక్కకు నంద్యాలలో పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పడింది. సీటు రాకపోతే చదువు మాన్పించాలని ఇంట్లో పెద్దవాళ్లు నాయన దగ్గర ముందే మాట తీసుకున్నారు. అక్క పాపం సరిగ్గా అన్నం కూడా తినకుండా చదివింది. బస్సులో నలిగిపోతుందని నాయన కారు తీశాడు.

సరిగ్గా ఆ పొద్దున్నే వీధి చివరికి ముంజల సైకిల్ వచ్చింది. నేను నిండు చెంబు అరుగు మీద పెట్టి పరుగు తీశాను. తిరిగొచ్చేసరికి అందరూ కారెక్కేశారు. "పోసినావా?" అని నాయన అడిగితే తలూపాను... అంతే. ఒక్క తల ఊపు.

శిరివెళ్ల రాకముందే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ కింద నుంచి ఆవిరి. చల్లారేదాకా ఆగి, తడి టవల్‌తో మూత తిప్పి, పక్క హోటల్‌లో నీళ్లు తెచ్చి పోసేసరికి అరగంట పోయింది. మళ్లీ బయల్దేరితే, అంతగా కాగిపోయిన ఇంజిన్ కదా, కాసేపటికే ముల్లు మళ్లీ లేచింది. అక్క చేతిలో హాల్ టికెట్ చెమటకు మెత్తబడిపోయింది.

నాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "పాపా, ఆ గుడ్డలు పీకు" అన్నాడు.

"ఏందిది? మే నెల్లో హీటరు యేస్తాండారా? పిల్లల్ని ఉడకబెడ్తారా?" అంది అమ్మ.

"ఆపితే గేటు మూస్తారు. ఇంజిన్ యేడి కొంచెం మనం తీసుకుంటే అది బతుకుతాది. కిటికీలు దించండి."

హీటర్ తిప్పాడు. ముందు నా శెనక్కాయ పొట్టంతా ఎగిరి అమ్మ కొప్పులో పడింది. తర్వాత గాలి... పొయ్యి ముందు కూర్చోబెట్టినట్టే. బయట ఎండ, లోపల హీటర్. అక్క తల మీద తడి టవల్ కప్పుకుని, కళ్లు మూసుకుని సూత్రాలు వల్లె వేస్తూనే ఉంది. ముల్లు మాత్రం మెల్లగా కిందికి దిగింది.

వాచ్‌మన్ గేటుకు గొలుసు చుడుతుండగా చేరాం. అక్క కందిపోయిన మొహంతో లోపలికి పరుగెత్తింది. నాయన బానెట్ మీద చెయ్యి వేసి "పొద్దున నేనే చూసుకోవాల్సింది" అనుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. చెప్పకుండా పోయి అమ్మ కొప్పులో పొట్టు ఏరాను. ఆ రోజు నాయన కొనిచ్చిన కలర్ సోడా సగంలోనే వదిలేశాను.

అక్కకు సీటొచ్చింది. ఇప్పుడు ఇంజనీరు. నాయన పోయాక కారు చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈ ఏడు నేనే దాన్ని నంద్యాలలో మస్తాన్ అనే మెకానిక్ దగ్గరికి లాగించుకొచ్చాను.

"ఈ ఎండలకి హీటరేందిక్కా? తీసేసి ఏసీ బిగిస్తా, సల్లగా పోతావు" అన్నాడు.

"నాకు హీటరే కావాల. అది ఊదేదాకా బండి బయటికి రాదు" అన్నాను.

డ్యాష్‌బోర్డ్ కింద పెట్టె విప్పితే లోపల హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్ తుప్పు పట్టి ఉంది. దాన్ని కడిగించి, కారే చోట అతికించాం. రబ్బరు పైపులు కొత్తవి వేశాం. ఫ్యాన్ తిరగలేదు... దాని రెక్కల్లో ఇంకా శెనక్కాయ పొట్టు! బయటిగాలి వచ్చే దారిలో ఎండు వేపాకు గుప్పెళ్లకొద్దీ వచ్చింది. చివరికి ఇంజిన్ వేడెక్కాక, హీటర్‌లోకి వేడినీళ్లు వచ్చి పోయే రెండు పైపులూ పట్టుకుని చూశాను. రెండూ వెచ్చగా ఉన్నాయి. "అయిపోయింది, వెయ్" అన్నాను. మస్తాన్ నా వైపు ఒక రకంగా చూసి వేశాడు. ఊదింది!

పోయిన ఆదివారం అక్కను ఎక్కించుకుని ఆళ్లగడ్డకు బయల్దేరాను. శిరివెళ్ల దగ్గర హీటర్ తిప్పి, ఇన్నేళ్లకు చెప్పేశాను. "అక్కా, ఆ పొద్దు నేను నీళ్లు పొయ్యలేదే..."

అక్క నవ్వింది. "నాకు తెలీదనుకున్యావా? అరుగు మీద సెంబు చూసినా. నిండుగా ఉండె."

"మరి ఎందుకు చెప్పలా?"

"చెప్దామనే అనుకుంటి. నీ మూతికి ఇంకా ముంజ నీళ్లు కారుతాండె. నాయన తిడితే ఏడుస్తావని ఊరుకున్యా. ఒక్క పూటకి ఏం కాదులే అనుకుంటి... ఇంక ఆపే ఆ హీటరు, ఉడికిపోతాండా."

ఆపాను. నాకు ఏడుపొచ్చింది. తన చదువంతా ఆ ఒక్క పరీక్ష మీదే ఉన్న రోజున, నేను తిట్లు తినకూడదని నోరు మూసుకుంది మా అక్క.

ఇప్పటి కార్లలో నీళ్లు కాస్త తగ్గితే చాలు, ఎర్రలైటు వెలిగి ఎక్కినవాళ్లందరికీ చెప్పేస్తుంది. మంచిదే... కానీ చూసి కూడా చూడనట్టు ఊరుకునే మనిషి ఆ లైటులో ఎక్కడుంటుంది?

మీ తప్పును అట్లా కడుపులో దాచుకున్న వాళ్లెవరైనా ఉంటే కింద రాయండి. ముందు వాళ్లకు ఒక్క ఫోన్ చేసి... ఆ తర్వాతే రాయండి.